ఐదు నిమిషాల నడక

నవంబర్ 3, సోమవారం
ట్రావెల్స్ నడిపే జిలానీ బాబాయ్ అబద్ధమాడాడు. అదీ మసీదు మెట్ల మీద నిలబడి. "హోటల్ నుంచి కాబా ఐదు నిమిషాల నడక." మక్కాకి ఉమ్రా యాత్ర వెళ్లే మా బజారు వాళ్లు, నానమ్మతో కలిపి పదకొండు మందికీ అదే మాట. పాస్‌పోర్టులన్నీ ఆయన బీరువాలో. కట్టిన డబ్బుకి రసీదు అడిగినవాళ్లు లేరు... పక్కన నిలబడి నమాజు చేసే మనిషిని ఎలా అడుగుతామంటాడు నాన్న.

నానమ్మ ఫోన్‌లో యాప్‌లు ఎక్కిస్తుంటే బయటపడింది. నెట్ లేకున్నా పనిచేసే మ్యాప్, బోర్డుకి కెమెరా చూపిస్తే తెలుగు చేసేది, ఉమ్రా పర్మిట్ తీసుకునేది. బాబాయ్ ఇచ్చిన హోటల్ కాగితం మొత్తం అరబ్బీ. జెరాక్స్ మసకగా ఉంది, కెమెరాకి అందలేదు. నానమ్మ లాక్కుంది. నరసరావుపేట బస్సు బోర్డు చదవలేని మనిషి — "ఫే... నూన్... దాల్... ఖాఫ్..." ఖురాన్ చదివిన వేలితో ఒక్కో అక్షరం. ఆమె చెప్తుంటే నేను ఫోన్‌లో టైపు కొట్టాను.

మ్యాప్‌లో చుక్క పడింది. మక్కా ఊరికి అవతల, సొరంగం దాటి. కాబాకి నడిస్తే గంటకు పైనే.

నానమ్మ మోకాళ్లు వీధి చివరికే రావు.

నవంబర్ 4
బాబాయ్ ఆఫీసుకి వెళ్లాను.
"ఒరేయ్ మస్తాన్, ఫోన్లో చూసి మక్కా కొలుస్తావా? బస్సులుంటయ్ లేరా."
"మరి ఐదు నిమిషాలన్నావేంది?"
"బస్సులో ఐదు నిమిషాలే."
పాస్‌పోర్టులు ఇవ్వమన్నాను. వీసా పనిలో ఉన్నాయట. బల్ల మీద గుద్దాను. టీ గ్లాసు పగిలింది. గుద్దకుండా ఉండాల్సింది.

నవంబర్ 5
బజారంతా ఆయన చెప్పిందే — "ఈ పిల్లోడి వల్ల వీసా ఆగితే నన్నడగొద్దు." నాన్న నాతో మాట్లాడటం లేదు.

నవంబర్ 6
వినియోగదారుల హక్కుల కరపత్రం పట్టుకుని ఉమ్రాకి వెళ్లేవాళ్ల ఇంటింటికీ తిరిగాను. మీరాబీ అత్త తలుపు సగమే తీసింది. "అల్లా పిలిచిన చోటికి కొలతలేందిరా?"
కోపం చానా వచ్చింది... ఆమె మీద కాదు. ఆ భక్తి మీద లెక్కలేసుకున్నవాడి మీద.

ఇంటికొస్తే నానమ్మ — "ఆ దూరం నేను నడవలేను, నిజమే. గొడవపడితే అసలుకే పంపడేమోరా. నాకింకో ఏడాది ఉందో లేదో."
ప్రయాణం వచ్చే బుధవారం.

నవంబర్ 7, శుక్రవారం
జుమ్మా నమాజు అయ్యాక, అందరం కలిసి బాబాయ్‌ని నిలదీద్దామా అని నానమ్మనే అడిగాను. వద్దంటే ఆపేస్తానన్నాను. తస్బీ పూసలు పక్కన పెట్టింది. "ఆ అక్షరాలు చదివింది నేనే గదా. నేనే చెప్తా వాడికి. నువ్వు నోర్మూసుకోని నిలబడు."

ఉమ్రా వాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాను:
'రేపు శనివారం పొద్దున పదింటికి జిలానీ బాబాయ్ ఆఫీసు ముందుకి రండి. ఒక్కరొస్తే గొడవ అంటాడు. పదకొండు మందీ వస్తే జవాబు చెప్పాలి. దగ్గర హోటలన్నా రాసివ్వాలి, పాస్‌పోర్టులన్నా చేతికివ్వాలి. కుర్చీలు నేను తెస్తాను.'

అందరూ చూశారు. నాన్న కూడా. జవాబు రాకపోయినా మళ్లీ పెట్టాను:

పదింటికి. రండి.