గంగామణి కలిపిన పిండి

అక్కా,

బాగున్నావా అని అడగడానికి లేదు. నువ్వు పోయి ఏడు నెలలు. నీ పిల్లలు బాగానే ఉన్నారు. అంటే తింటున్నారు, పడుకుంటున్నారు. బాగుండడమంటే అంతేనా... నాకు తెలియదు.

కోపంతో రాస్తున్నాను. ముందే చెబుతున్నాను.

దసరా సెలవులు ఇచ్చిన రోజే మనల్ని కన్న అవ్వే నీ బిడ్డ గంగామణి ఒళ్లో చాట పెట్టింది. తునికాకు, కత్తెర, బీడీల్లో పోసే తంబాకు. ఆ పిల్లకు ఎనిమిదేళ్లు అక్కా. సెలవులు అయ్యాక కూడా ఇక బడి వద్దట, ఇంట్లోనే ఉండి బీడీలు చేస్తుందట. నేను అరిచాను. "నీ ఫ్యాక్టరీ పని చెరుకు ఉన్నన్ని దినాలే. అటెన్క అందరికి గంజి ఎవడు పోస్తడురా?" అంది. బావ ధర్పల్లిలో ఇంకో పెళ్లి చేసుకుని బోధన్ వైపు రావడమే మానేశాడు. అవ్వ చెప్పిన గంజి మాట నిజమే. నిజమైతే ఒప్పుకోవాలా?

ఒప్పుకోను. అందుకే పిల్లలను బిస్కెట్ల బట్టీకి తీసుకుపోతానన్నాను.

ప్రతి సెలవులకూ నువ్వు మైదా, చక్కెర, డాల్డా సంచిలో వేసుకుని, ఇద్దరినీ వెంటబెట్టుకుని బస్టాండు దగ్గరి బేకరీకి పోయేదానివి. మన సరుకు మనమే కలిపి రేకు మీద పరిస్తే, బేకరీ నడిపే చాచా తన బట్టీలో కాల్చి ఇచ్చేవాడు. "సెలవులంటే పిల్లల చేతులకు పిండి అంటాలె" అనేదానివి. తంబాకు అంటాలని నువ్వు ఎప్పుడన్నావు?

అవ్వ వద్దంది. పెళ్లయిన ఆడబిడ్డ పోతే పుట్టింటికి ఏడాది పట్టింపు లేదని వాడకట్టంతా చెప్పినా, నువ్వు పోయినప్పటి నుంచి ఆమె పొయ్యి మీద మూకుడు పెట్టలేదు. తీపి వండలేదు. బట్టీ మన పొయ్యి కాదు కదా అన్నాను. బుద్ధి ఉన్న మాటో, మొండి మాటో... సంచి పట్టుకుని బయలుదేరాను.

బేకరీలో అందరూ ఆడవాళ్లే. "మొగోడు పిండి వట్టుకొచ్చిండు, ఇంట్ల ఆడోళ్లు పండుకున్నరా?" అని ఒకామె అంటే అందరూ నవ్వారు. "మా అక్క ఉండె. పోయింది" అన్నాను. నవ్వు ఆగిపోయింది. ఆమే జరిగి మాకు బల్ల మీద చోటిచ్చింది.

మైదా తట్టలో పోసి నీళ్ల చెంబు ఎత్తాను. గంగామణి నా చేయి పట్టుకుంది. "నీళ్లు పొయ్యకు మామా. రొట్టెలు కావు గివి." ముందు డాల్డా, చక్కెర కలపాలట. "వెన్న లెక్క తెల్లగయ్యేదాక తిప్పాలె" అంది. నీ మాటే అక్కా, నీ గొంతే. ఇన్ని నెలల్లో ఆ పిల్ల గట్టిగా మాట్లాడింది అప్పుడే. మోచేతుల దాకా పూసుకుని తానే కలిపింది. నీ కొడుకు సాయిలు ముద్దలు చేసి ఒక్కోదాన్ని వేలితో నొక్కాడు. ఒకటి రేగుపండంత, ఒకటి నిమ్మకాయంత.

చాచా కాల్చి తీస్తే రంగు బాగా వచ్చింది. సాయిలు ఒకటి కొరికి ఉమ్మేశాడు. "చేదున్నయ్." నేనూ కొరికాను.

తంబాకు.

పొద్దున బీడీలు చుట్టిన గంగామణి చేతులు. సబ్బుతో కడిగించాను అక్కా, అయినా పోలేదు. చిన్నప్పటి నుంచి ఆ వాసనలోనే ఉన్నవాళ్లం, కలిపేటప్పుడు ఎవరికి తెలుస్తుంది? చాచా ఒకటి నోట్లో వేసుకుని మొత్తం నమిలి మింగాడు. "ఫిర్ ఆనా బేటీ" అని మళ్లీ రమ్మన్నాడు, అంతే.

గంగామణి దారంతా చేతులు వెనక్కి పెట్టుకుని నడిచింది. "గిట్లనే ఉంటయా మామా, నా చేతులు?" అని అడిగింది.

ఇంటికి రాగానే డబ్బా అవ్వ ముందు పెట్టాను. తీపి ముట్టనంది. "తీపి కాదు, తిను" అన్నాను. కొరికింది. నమలడం ఆపింది. పెళ్లి కాకముందు నుంచీ బీడీలు చేస్తున్న మనిషి... ఆ చేదు ఏమిటో ఆమెకు ఒకరు చెప్పాలా? మింగలేదు, ఉమ్మలేదు. గంగామణి చేతులు ముందుకు లాక్కుని కొంగుతో తుడిచింది. తుడుస్తూనే ఉంది.

ఇవాళ పొద్దున గంగామణి అలవాటుగా వచ్చి కూర్చుంటే, అవ్వ చాటను తన ఒళ్లోకి లాక్కుని అటు తిరిగింది. బడి మాట మాత్రం ఎత్తలేదు. ఆమె ఎత్తకపోతే నేనెత్తుతాను.

చెరుకు అయిపోతే నిజామాబాద్ పోయి బియ్యం మిల్లులో బస్తాలు మోస్తాను. అదీ లేకపోతే మోస్రాలో వరి కోతలకు పోతాను. నన్ను ఎవరూ బడికి పంపలేదు. గంగామణి పక్కన కూర్చుని, ఆ పిల్ల వాచకంలోనే కూడబలుక్కుని నేర్చుకున్న అక్షరాలు ఇవి. నాకు చదువు చెప్పిన పిల్లను చాట ముందు కూర్చోబెట్టి చూస్తూ ఊరుకుంటానా?

సోమవారం బడి తెరుస్తారు. చేయి పట్టుకుని నేనే తీసుకుపోతాను. ఎవరు అడ్డమొస్తారో రానీ.

దీపావళికి మళ్లీ బట్టీకి పోతాం. పిండి గంగామణే కలుపుతుంది. అప్పటికీ చేదుగా ఉంటే ఆ చేదే తింటాం, సంక్రాంతికి మళ్లీ కలుపుతాం. ఆ చేతులు తీపి అయ్యేదాకా కలుపుతూనే ఉంటాం అక్కా.

నీ తమ్ముడు,
నర్సింలు