పుట్టుమచ్చ ఏ బుగ్గన?

చిట్టితల్లీ,

కులాసాగా ఉన్నాను. దగ్గు తగ్గిందని అమ్మతో చెప్పు.

తెల్లచెక్కలో నల్లచెక్క ముక్కలు పొదిగి, నగల పెట్టె మూత మీద ఆడమనిషి ముఖం చేస్తున్నాను. ఎవరి ముఖమైనా సరేనన్నారు. నా చేతికి మీ అమ్మదే వచ్చింది. కళ్ళూ ముక్కూ చక్కగా కుదిరాయి. పుట్టుమచ్చకని ఆవగింజంత నల్లముక్క కోశాక, అది ఏ బుగ్గనో గుర్తురాక ఆగిపోయాను. గుంట తొలిచేస్తే మళ్ళీ మార్చలేం. "ఇన్నేళ్ళు కాపురం చేసి ఇదీ తెలీదా?" అని మేస్త్రి ఒకటే నవ్వు.

అమ్మకు తెలియకుండా చూసి రాయి. పెరటి తలుపు బాగుచేయించారా? నీకు నా ఆశీస్సులు.

పోస్టుకార్డు కదా, ముందు మీ అమ్మే చదువుతుంది. ఏమే, చదివేశావుగా? కోప్పడకు. అద్దంలో చూసుకోకు, కుడిఎడమలు తారుమారవుతాయి. చేత్తో తడిమి చూసుకుని రాయి.