పాళీ సాక్ష్యం

విజయనగరం,
14-11-1968, గురువారం.

చిరంజీవి కన్యాకుమారికి,

అన్నయ్య నగరేశ్వరరావు దీవించి రాసేది. ఇక్కడ అమ్మ, మీ వదిన, పాప అందరూ కులాసా. ఆ మాట ముందు రాయకపోతే నువ్వు రెండో వాక్యం చదవవని తెలుసు కాబట్టి రాశాను. నా ఒక్కడి సంగతి తరవాత చెబుతాను. నీ ఉత్తరమూ, గుడ్డలో చుట్టి పంపిన నీ పెన్నూ మీ ఊరి మీదుగా పోయే కోట బస్సు కండక్టరు కూర్మయ్య మంగళవారం తెచ్చి ఇచ్చాడు. ఈ జవాబు ఇవాళ నాలుగు గంటల బస్సుకి మళ్లీ అతని చేతికే ఇవ్వాలి. కొట్టు తలుపు ఓరగా వేసి రాస్తున్నాను.

అమ్మ కంటి సంగతి అడిగావు. పొర ఇంకా ముదరలేదట. ఉగాది దాటాక కోయించుకోవచ్చన్నాడు డాక్టరు. ఆవిడ మన మాట ఎక్కడ వింటుంది? కార్తీక సోమవారాలన్నీ ఉపవాసం ఉండి, దీపం పట్టుకుని పెరట్లోకి ఒక్కర్తే వెళ్తుంది. మొన్న గడప తట్టుకుని బొటనవేలు చితక్కొట్టుకుంది. నేను కసిరితే నా మీదే తిరగబడింది. “నాను బానే ఉన్నాను గానీ, ఆ పిల్ల ఒక్కర్తీ ఆ ఊళ్లో ఏటి తింటన్నాదో అది సూడు” అంది. వచ్చే సోమవారమే ఆఖరిది, ఎలాగో గట్టెక్కితే చాలు.

పాపకి చెవులు కుట్టించారా అన్నావు. కుట్టించాం. కంసాలి సూది తీసేసరికి పాప నవ్వుతూ కూర్చుంది, మీ వదిన బుజ్జమ్మ భోరుమంది. ఆవిణ్ణి ఊరుకోబెట్టడానికి బెల్లంముక్క పెట్టాల్సొచ్చింది.

ఇక పెన్ను. ‘పాళీ పూర్తిగా మార్చెయ్యి అన్నయ్యా, లేదా ఈ వాలు పోయేలా సాన పట్టు, గీత వేరేగా పడాలి’ అని రాశావు. ఎందుకో రాయలేదు. రెండు రోజులుగా అది నా బల్ల మీదే ఉంది. సానరాయి పక్కనే ఉంది. పది నిమిషాల పని. నేను చెయ్యలేదు.

నీ టీచరు ట్రైనింగు పూర్తయిన రోజు తలుచుకో. ‘ఒక పెన్ను ఇయ్యన్నయ్యా, జన్మకి ఒకటే’ అంటూ వచ్చి కొట్లో బైఠాయించావు. నేను ఉన్నవాటిలో మంచివన్నీ తీశాను. బంగారు పాళీది తీశాను. రంగూన్ నుంచి ఎవరో తెచ్చి అమ్ముకున్న ఆకుపచ్చ చారల పెన్ను తీశాను. ఒక్కోదానితో కాగితం మీద వరసగా సున్నాలు చుట్టి, పెదవి విరిచి పక్కన పెట్టావు. అలా పదిహేడు పెన్నులు తిరగేశావు. కొనడానికి వచ్చినవాళ్లు విసుక్కుని వెళ్లిపోయారు. “పెళ్లికొడుకుని ఎంచడానికైనా ఇంతసేపు పట్టదే” అని కేకలేశాను. “ఆడు నచ్చకపోతే ఇంటికొచ్చేస్తాను, ఇది నచ్చకపోతే ఏటి సెయ్యను?” అన్నావు. చివరికి మూత మీద గాటు పడిందని నేను మూలన పడేసిన రాజమండ్రి నల్ల పెన్నుని పట్టుకున్నావు. బరువు చేతికి సరిపోయిందన్నావు. దాంతోనే రిటైరవుతానన్నావు.

నువ్వు కాగితాన్ని బాగా ఏటవాలుగా తిప్పుకుని రాస్తావు కాబట్టి ఆ పాళీని ఎడమ వాలుకి కోశాను. అలాంటి కోత ఇంకెవరికీ కొయ్యలేదు. దాంతో సున్నా చుడితే ఎడమ కిందిపక్కా కుడి పైపక్కా లావుగా, మిగతా రెండు పక్కలా వెంట్రుకంత సన్నంగా పడుతుంది. ‘ఎవరి చేతికీ ఇవ్వకు, పాళీ నీ చెయ్యి మరిచిపోతుంది’ అని చెప్పాను. నాలుగేళ్లుగా ఎవరికీ ఇవ్వలేదు నువ్వు. అలాంటిది ఇవాళ నీ నోటితో నువ్వే దాన్ని పాడుచెయ్యమంటున్నావు.

ఎందుకో నాకు తెలుసు అమ్మలూ. ఆ అర్జీ రాసింది నువ్వే.

పిల్లలకి రావలసిన పాలపొడి బస్తాలు బడి గుమ్మం తొక్కకుండానే పంచాయతీ ప్రెసిడెంటు గణపతిరావు గారి గాదెలోకి పోతున్నాయనీ, అక్కణ్ణించి సంతకి పోతున్నాయనీ, హెడ్మాస్టరు అన్నీ ముట్టినట్టు సంతకం పెడుతున్నారనీ ఎవరో పేరు లేకుండా పై అధికారులకి రాశారన్నావు. అది రాసింది జగన్నాధం మాస్టారేనని ఆయన్ని పనిలోంచి ఆపేశారనీ, సోమవారం మీ బడిలోనే విచారణ అనీ రాశావు. ‘ఎవరో’ అని రాసేటప్పుడు నీ చెయ్యి ఆగింది. ఆ మాట దగ్గర సిరా చుక్క పెద్దదై కూర్చుంది.

అర్జీలో నీ చేతిరాత మార్చావు. పలక మీద పిల్లల చేత దిద్దించే అక్షరాల్లాగ ఒక్కొక్కటీ విడివిడిగా పెట్టావు. నన్నడిగితే మెచ్చుకునేవాణ్ణి. కానీ పెన్ను మార్చలేదు. నీ దగ్గర ఇంకో పెన్ను ఉంటే కదా మార్చడానికి. అంత జాగ్రత్త పడి అక్కడ బోర్లా పడ్డావు. ఇదంతా నాకెలా తెలుసంటే, ఆ కాగితం నేను కళ్లారా చూశాను.

నీ ప్రశ్నలు రెండు మిగిలాయి. ఇంతసేపూ వాటి చుట్టూ తిరుగుతున్నాను. మాస్టారే రాశారని ప్రెసిడెంటుకి ఎవరు చెప్పారన్నది మొదటిది. ‘ఇద్దరు బిడ్డల తండ్రి మీద లేనిపోనిది చెప్పినవాడి నోట మన్ను పడ’ అని కూడా రాశావు. ఉత్తరం అమ్మకి చదివి వినిపిస్తూ ఆ ముక్క మింగేశాను. ఆ మన్ను నా నోట్లోనే పడాలి కన్యా. చెప్పినవాణ్ణి నేనే.

దీపావళి వెళ్లిన వారానికి గణపతిరావు గారు జీపులో వచ్చారు. వెనక ఇద్దరు మనుషులున్నారు. మర్యాదగానే బెంచీ మీద కూర్చుని, జేబులోంచి కాగితం తీసి బల్ల మీద పరిచారు. అది ఏ చేతుల మీదుగా ఆయన దగ్గరికి వచ్చిందో నేను అడగలేదు.

“సావుకారూ, నువ్వు గీత సూసి పెన్ను సెప్పేస్తావంట గదా. ఇది ఎవుల పెన్నో సెప్పు” అన్నారు.

ఆ పేరు నేను కోరి తెచ్చుకున్నదే. రెండేళ్ల కిందట ఒక ప్లీడరు గారు రసీదు తెస్తే, గీత చూసి ఆ పెన్ను ఎవరిదో చెప్పేశాను. అప్పట్నుంచి గంటస్తంభం దగ్గర దొరికినవాడికల్లా ఆ కథ చెప్పి, పెన్నుల డాక్టరు అనిపించుకున్నాను. గొప్పలకి పోతే తిప్పలే మరి. కాగితం మీద మొదటి సున్నా చూడగానే అది నీ పెన్నని తెలిసిపోయింది. తెలీదండి బాబూ అన్నాను.

“నీకు తెలీకపోతే ఈ పక్కల ఇంకెవులికి తెలుస్తాది? హెడ్మాస్టరు మనోడే. మిగిలింది జగన్నాధం, మీ సెల్లి. ఇద్దరి పెన్నులూ నీ కొట్లోవే. ఆ పిల్ల మీద నాకేటీ లేదు. ఆడకూతురు, మా ఊళ్లో ఒక్కర్తీ అద్దెకొంపలో ఉంటన్నాది. మంచీ సెడ్డా సూడాల్సినోణ్ణి నేనే గదా. ఇది ఆ పిల్ల పెన్ను కాదని నువ్వొక ముక్క రాసిచ్చీ, ఆ పిల్ల జోలికి పోను, వొగ్గేస్తాను.”

గొంతు పెంచలేదు. నవ్వుతూనే అన్నారు. ‘ఒక్కర్తీ ఉంటన్నాది’ అన్న మాట మాత్రం నా గుండెల్లో దిగబడింది. రాసిచ్చేశాను. ‘ఈ అర్జీ నా చెల్లెలు కన్యాకుమారి పెన్నుతో రాసినది కాదు’ అని రాసి, సంతకం పెట్టి, సిరా ఆరిందో లేదో కూడా చూశాను.

జగన్నాధం మాస్టారి పేరు నా నోట రాలేదు. ఇన్నాళ్లూ ఆ ఒక్క ముక్క పట్టుకుని వేలాడుతున్నాను. నేనేం ఆయన పేరు చెప్పానా అని అన్నం ముందు కూర్చున్నా అదే, స్నానం చేస్తున్నా అదే. ఇద్దరిలో ఒకరు కాదంటే రెండోవారెవరో పలక పట్టిన పిల్లలకీ తెలుసు. సిగ్గుతో చచ్చిపోతున్నాను. ఆయన్ని పనిలోంచి ఆపారని నీ ఉత్తరం వచ్చేదాకా తెలియలేదని చెప్పుకుందామన్నా, తెలుసుకోవడానికి ప్రయత్నించలేదన్నది నిజం.

‘మాస్టారు నేను కాదని ఎందుకు అనడం లేదు?’ అన్నది నీ రెండో ప్రశ్న. దానికి జవాబు నిన్ననే దొరికింది.

నిన్న మధ్యాహ్నం ఆయన కొట్టుకి వచ్చారు. చూడగానే లేచి నిలబడ్డాను. కొడతారేమో అనుకున్నాను, కొడితే బాగుణ్ణనీ అనుకున్నాను. ఆయన జేబులోంచి తన ఎర్ర పెన్ను తీసి బల్ల మీద పెట్టారు. పదకొండేళ్ల కిందట ఉద్యోగంలో చేరినప్పుడు నా దగ్గరే కొన్నారు. ఆయనకీ అదొక్కటే పెన్ను. పాళీ గుండ్రంగా అరిగి, ఆయన చేతికి తప్ప ఇంకెవరికీ లొంగదు.

“నగరేశ్వర్రావు గారూ, దీని పాళీ మీ చెల్లాయి పెన్ను లాగ కొయ్యాల” అన్నారు.

“ఎందుకండీ?” అన్నాను.

“హాజరు పట్టీలో ఆయమ్మ రాత రోజూ సూస్తన్నాను కదండీ. అర్జీ నా ముందు పెట్టినప్పుడే తెలిసిపోనాది. సోమవారం స్కూళ్ల ఇన్స్పెక్టరు గారు నా పెన్నుతో నా చేత రాయిస్తారంట. గీత కలవకపోతే మళ్లీ ఆయమ్మ మీదకి పోతాది.”

“బిడ్డలున్నారు, మీకేటండి ఈ ఖర్మ?” అన్నాను.

“పదకొండేళ్లు ఆ బడిలో ఉన్నాను. బస్తాలు పోవడం సూసినాను. బిడ్డలున్నారనే నోరు మూసుకున్నాను. ఏడాది కిందట వచ్చిన పిల్ల రాసింది. అది నేను రాయాల్సిన కాగితం. నాది పర్మనెంటు ఉద్యోగం, మహా అయితే బదిలీ సేసి కొండల్లోకి తోస్తారు. ఆయమ్మది టెంపరరీ. మరేటీ ఆలోచించకండి, కోసీండి. ఆయమ్మకి మాత్రం సెప్పకండి.”

శనివారం వచ్చి తీసుకుంటానని వెళ్లిపోయారు. నేను రాసిచ్చిన ముక్కని ఆయన మీద పెట్టిన విచారణ కాగితాలకి జత చేశారట, ఆయన చదివారు. దాని గురించి ఒక్క మాట అనలేదు. నీకు చెప్పొద్దన్నారు, చెప్పేశాను. ఆయన దగ్గర ఇంకో తప్పు చేశాననుకో.

ఇప్పుడు నా ముందు రెండు పెన్నులున్నాయి. నీ పెన్ను గీత నీది కాకుండా చెయ్యమని నువ్వు, ఆయన గీత నీ దానిలా చెయ్యమని ఆయన. రెండూ కలిపి అరగంట పని. చేసేస్తే నువ్వు ఒడ్డున పడతావు, నా అబద్ధం నిజమై కూర్చుంటుంది. కోసిన పాళీ మళ్లీ అతకదు కాబట్టి ఆ తరవాత ఎవరూ ఏమీ తేల్చలేరు. దాచకుండా చెబుతున్నాను, పొద్దున్న ఆయన పెన్ను విప్పి రాయి మీద నీళ్లు చల్లాను. నువ్వు నా తోడబుట్టినదానివి, ఆయన నాకేమవుతాడు అనుకున్నాను. మూత పక్కన పెట్టబోతుంటే దాని మీద నేనే చెక్కిన ఆయన పేరు వేలికి తగిలింది. తరవాత రాయి తుడిచి లోపల పెట్టేశాను.

ఆయన పెన్ను ఎలా ఇచ్చారో అలాగే శనివారం తిరిగి ఇచ్చేస్తాను. ఏం తిడతారో తిట్టనీ. నీ పెన్ను కడిగి, సిరా పోసి, కూర్మయ్య చేత పంపుతున్నాను. పాళీ ముట్టుకోలేదు. సోమవారం విచారణకి వచ్చి, నేను రాసిచ్చింది అబద్ధమని ఇన్స్పెక్టరు గారికి చెబుతాను. మరి ఎవరి పెన్నని అడిగితే నోరు విప్పను. కానీ ఆ మాట అన్నాక అందరూ ఎవరి వైపు తిరుగుతారో నీకూ తెలుసు, నాకూ తెలుసు. నేను వస్తున్నానంటే నిన్ను పట్టిస్తున్నట్టే. దీనికి బెల్లం పూసి చెప్పడం నాకు చేతకాదు. పోయినసారి నిన్ను అడక్కుండా నీ తరఫున సంతకం పెట్టాను. ఈసారి ముందుగా చెప్పి చేస్తున్నాను.

నా మాట వినాలనిపిస్తే ఒక పని చెయ్యి. ఆ అర్జీ మళ్లీ రాయి. నీ సొంత రాతలో, నీ పెన్నుతో రాసి, కింద నీ పేరు పెట్టు. ఆకాశరామన్న ఉత్తరం వస్తే అందులో ఏముందో వదిలేసి, రాసిందెవరా అని వెతుకుతారు. పేరున్న కాగితం బల్ల మీద పెడితే పాలపొడి ఏమైందో చెప్పక తప్పదు. ఉద్యోగం పోవచ్చు. పోతే వచ్చి కొట్లో నా పక్కన కూర్చో, పాళీలు కొయ్యడం నేర్పుతాను. గణపతిరావు గారి మనుషులంటే నాకూ భయమే. భయం లేదని రాస్తే నవ్వుతావు.

అమ్మకి ఇవేమీ తెలియవు. మీ వదినకి పొద్దున్న అంతా చెప్పాను. నిజం చెప్పొద్దంటుందేమోనని ఎదురుచూశాను, అంటే నాకొక వంక దొరికేది. బుజ్జమ్మ పొయ్యిలో పుల్ల ఎగదోసి, “ఆ మాస్టారిని పనిలోంచి ఎందుకు ఆపేసినారో ఆయన పెళ్లానికి ఎవులు సెప్తారు?” అంది. నేను కొట్టుకి వచ్చేశాను.

ఆదివారమే వద్దామనుకున్నాను. వస్తే నువ్వు ఏడుస్తావు, నేను మెత్తబడతాను, ఇద్దరం కూర్చుని ఇంకో అబద్ధం అల్లుతాం. అందుకే మానుకున్నాను. కూర్మయ్య వచ్చే వేళయింది. సోమవారం మొదటి బస్సుకి మీ ఊరి రోడ్డు మీద దిగుతాను. అక్కణ్ణించి బడికి మైలున్నర నడక కదా. నువ్వు రోడ్డు దాకా వస్తే ఇద్దరం కలిసి వెళ్దాం. రాకపోతే నీ మీద కోపం పెట్టుకోను. నేనొక్కణ్ణే నడిచి వస్తాను.

ఇట్లు,
నీ అన్నయ్య
నగరేశ్వరరావు