నీ వీరుడికి పెళ్లైపోయింది

కంప్యూటర్ ఆపకు. ముందు దూడకు కుడితి పెట్టి, తర్వాత కూర్చుని ఇది చదువు.

పొద్దున నువ్వు పాలు పోయడానికి వెళ్లాక కీబోర్డు తుడిచాను. గుడ్డ ఏ మీట మీద పడిందో ఏమో, నీ ఆటలో వీరుడికి ఆ సత్రం యజమాని కూతురితో పెళ్లైపోయింది. ఆర్నెల్ల నుంచి నువ్వు తప్పించుకు తిరుగుతున్న పెళ్లి అదే కదా. ఆట పుస్తకం తీసి చూశాను. పెళ్లి కాగానే దానంతటదే సేవ్ అవుతుందట, ఇక వెనక్కి పోలేమట.

అత్తమ్మను పిలిచి చూపించాను. "మా మహేందర్ పెళ్లి గూడ గింత జల్ది కాలే! పిల్ల ఏ ఇంటోళ్లు?" అని తెరకు బొట్టు పెట్టింది. తుడవకు.

ఆటలో ఆ సత్రం యజమాని, అదే నీ వీరుడి కొత్త మామగారు, వీరుడి కత్తి లాక్కున్నాడు. అది తిరిగి ఇవ్వాలంటే ఆయన చీవాట్లు మొత్తం వినాలి. నలభై నిమిషాలు తిడతాడు. మధ్యలో ఏ మీట నొక్కినా మళ్లీ మొదటి నుంచి అందుకుంటాడు. ముప్పై ఎనిమిది నిమిషాలు చేతులు కట్టుకుని కూర్చున్నాను. అంతలో అత్తమ్మ, "ఏందే, గీ ముసలోడు ఎంతసేపు ఒర్రుతడు?" అంటూ ఒక మీట నొక్కేసింది.

నువ్వైతే కదలకుండా వింటావులే. మా నాన్న రెండు మాటలంటే మాత్రం చెప్పులేసుకుంటావు.

అమ్మకు జ్వరమని కబురొచ్చింది, పురానాపూల్ వెళ్తున్నాను.

స్రవంతి

ఆదివారం నన్ను తీసుకెళ్లడానికి రా. నాన్న మాట్లాడతాడు. మధ్యలో లేస్తే మళ్లీ మొదటి నుంచి అందుకోమని చెప్పి ఉంచుతాను.