అరవై మూడో పేరు

గంజాం జిల్లా బరంపురం పెద్దబజారులో కాపురముంటున్న పొట్నూరి ధర్మలింగం అనే నేను, డెబ్భై ఒకటో ఏట, ఎవరి బలవంతమూ లేకుండా, నిండు తెలివితో, స్వహస్తాలతో రాసుకున్న వీలునామా. ఇంతకుముందు రాసినవన్నీ రద్దు. ఇరవై ఆరేళ్లు సర్కారు లైసెన్సుతో నల్లమందు అమ్మాను. సిగ్గుపడను.

1. బజారులోని దుకాణం నా కొడుకు, ప్లీడరు బాబూరావుకి. నల్లమందు అమ్మి చదివిస్తే చదువుకున్నవాడు, మొన్న సభలో అది తినేవాళ్లందరినీ జైల్లో తొయ్యాలన్నాడు. చప్పట్లు బాగానే పడ్డాయట. అయినా కొడుకు కొడుకే.

2. నా పాడి ఆవు చిట్టమ్మకి. కారణం రాయాలి. సర్కారు అమ్మకాలు ఆపేసిన ఏడు ఒక అధికారి వచ్చి, వైద్యం చేయిస్తాం, తినేవాళ్ల పేర్లున్న రిజిస్టరు ఇమ్మన్నాడు. నమ్మి ఇచ్చాను. వైద్యం రాలేదు, పోలీసులొచ్చారు. చిట్టమ్మ భర్త అప్పయ్య, నలభై ఏళ్లుగా తింటున్న కూలిమనిషి, నల్లమందు అందక మూడో రోజున లాకప్పులో పోయాడు. నేను బెయిలు కాగితాలతో ఛత్రపూర్ కోర్టుకి చేరేసరికి ఆమె మెట్ల మీద కూర్చుని ఉంది. "పేరు రాయించుకున్నోడు దొంగైపోనాడు, రాసినోడు పెద్దమనిషైపోనాడేటి బాబూ?" అంది. అప్పయ్య నల్లమందు ఉండ మింగాక మా ఇంట్లోనే గ్లాసుడు పాలు తాగేవాడు. తప్పు నాది. ఆమె క్షమించనక్కర్లేదు.

3. అంకులిలోని తోట, పెంకుటిల్లు డాక్టరు కూర్మారావు గారి అధీనంలో ఉండాలి. మానాలనుకునేవాళ్లు అక్కడుండి కొంచెం కొంచెంగా మోతాదు తగ్గించుకోవాలి. మళ్లీ మొదలుపెట్టినవాణ్ని గెంటకూడదు. పోలీసు టోపీ గేటు దాటకూడదు. రోగికి కావలసింది మందు, సంకెళ్లు కాదు.

4. నేను దాచుకున్న రిజిస్టరు నకలు ఆ ఇంటి అరుగు మీద ఉంచాలి. అందులో అరవై రెండు పేర్లు. అరవై మూడోది నిన్న నేనే రాశాను. ఉబ్బసానికని మొదలుపెట్టి పందొమ్మిదేళ్లుగా నేనూ తింటున్నాను. రాసేవాణ్ని కనుక నా పేరు రాసుకోలేదు, అందుకే బయట తిరిగాను. ఇప్పుడెక్కణ్నించి తెస్తున్నానో చెప్పను.

5. మత్తులో రాసింది చెల్లదని మా ప్లీడరు కొడుకు కోర్టుకెక్కవచ్చు. ఎక్కనీ. ఈ ఉదయం కూడా ఉండ మింగాకే కలం పట్టాను. ఇది చెల్లకపోతే ఈ పందొమ్మిదేళ్లలో నేను సంతకం పెట్టిన ఏ కాగితమూ చెల్లదు. అతను కాపురముంటున్న ఇల్లు 1951లో నేను అతని పేర రాసిచ్చిందే. వాదించే ముందు సామాను సర్దుకోమనండి.

బరంపురం, 19 ఆగస్టు 1963

(సంతకం) పొట్నూరి ధర్మలింగం
రిజిస్టరు నంబరు 63

సాక్షులు:
సూరన్న, విశ్రాంత బడిపంతులు
దానమ్మ, మంత్రసాని (వేలిముద్ర)