తెర అవతలి కాలు

మాతాలోటో దీవి,
టోంగా.

దీవి ఆసుపత్రి ప్రధాన వైద్యాధికారి డాక్టర్ ఫిలిమోనె గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నా తమ్ముడు సెమిసి కూతురు పెలెనైసె కాలును తాము ఇంతవరకు చూడకపోవుట గురించి.

1. పిల్లకు పద్నాలుగేళ్ళు. మోకాలి పైన గట్టి వాపు. ఆట మానేసినా తగ్గలేదు, పెరుగుతున్నది. కుంటుతున్నది. "పడుకుంటేనే ఎక్కువ సలుపుతోంది అత్తా" అంటున్నది. బెణుకైతే పడుకున్నప్పుడు నెమ్మదించవలెనని వైద్యం చదవని నాకే తెలుసు.

2. తాము తెర ఇవతల నిలబడి పరీక్షించితిరి. నర్సు సెలా "తెర తీయనా డాక్టర్ గారూ?" అనగా, "వద్దొద్దు, చెల్లెలి వరస. నెట్‌బాల్ ఆడింది కదా, బెణికుంటుంది. నూనె రాసి రుద్దమను" అని సెలవిచ్చితిరి. అన్న చెల్లెలి తొడ చూడరాదన్న ఆచారము తమకంటే ముందు నాకు తెలుసు. సెలాకు ఆ అడ్డు లేదు. ఆమెనైనా చూడమనలేదు. తెర మీదుగా రోగము కనిపెట్టు విద్య తాము ఏ కళాశాలలో నేర్చితిరో.

3. రుద్దితిమి. పిల్ల అరుపుకు పక్కింటివారు పరుగెత్తి వచ్చిరి.

4. తమ్ముడు ఎక్స్‌రే అడిగితే "ఎదిగే వయసు చిన్నాన్నా, నొప్పులుంటాయి" అన్నారు. వాడి తుంటినొప్పి సంగతి ఎత్తితే "నీకు వయసు మీద పడింది" అన్నారు. ఎముకకు జబ్బు చేయుటకు తాము ఏ వయసు మంజూరు చేసితిరో తెలుపగోరుచున్నాను.

కావున ఎక్స్‌రే కాగితముపై సంతకము చేయవలెను. అందులో చర్మము పడదు, తమ మర్యాదకు భంగము రాదు. ఎముక క్యాన్సరని అనుమానము కలిగితే ఇక్కడ ఎవరూ కోయక, సూది గుచ్చక, న్యూజిలాండు ఎముకల నిపుణుల వద్దకు పంపవలెను. వాపులోని ముక్క తీసి పరీక్షించి తేల్చవలసినది వారేనట. తప్పు చోట కోస్తే దక్కే కాలు కూడా దక్కదట.

ప్రార్థన మా వంతు, చేయుచున్నాము. సంతకము తమ వంతు.

ఈసారి తెర తీసి చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
అకనేసి

తా.క.: ఒరే ఫిలీ, విధేయురాలినన్నది కాగితం కోసం. మీ నాన్నకూ సెమిసికీ అక్కని. తమ్ముళ్ళ పిల్లల విషయంలో పెద్ద మేనత్త మాటే చివరి మాట. నీ పెళ్ళిలో మేనత్త హోదాలో అందరికంటే ఎత్తుగా పేర్చిన చాపల మీద కూర్చున్నది ఎవరో మరిచావా? ఆ ఆచారం చెల్లెల్ని గౌరవించడానికి పెట్టారు, పాతిపెట్టడానికి కాదు. దాన్ని ఈ పిల్ల కాలి మట్టుకు నేను ఎత్తేస్తున్నాను. సోమవారం పొద్దున్నే తీసుకొస్తాను. మంచం పక్కన నాకో కుర్చీ వేయించు. నేను కూర్చుంటాను, నువ్వు చూస్తావు.