శవాల బండిలో ముందు సీటు

టేకులపల్లి

అన్నయ్యా,
మీ బావ పోయాడని ఎవరైనా చెబితే నమ్మకు, ఆయన క్షేమంగానే ఉన్నాడు. ఫోన్లో నీకు సరిగా వినపడదని కార్డు రాస్తున్నాను.

శుక్రవారం సాయంత్రం మా ఇంటి ముందు శవాల బండి ఆగింది. డయాలసిస్‌కని పొద్దున ఖమ్మం వెళ్లిన మనిషి అప్పటికింకా రాలేదు. వాకిట్లోనే గొల్లుమన్నాను. వాడకట్టంతా పోగయింది. అంతలో ముందు సీట్లోంచి ఆయనే దిగాడు! "ఏడ్వకే, నేను మంచిగనే ఉన్న" అన్నాడు.

వెనక ఉన్నది ముత్తయ్యట. మీ బావ పక్క మంచం మీదే డయాలసిస్ చేయించుకునేవాడు. బస్సు తప్పిపోయి, ఆటో కిరాయికి చాలక ఈయన దవాఖానా గేటు దగ్గర కూర్చుంటే, ముత్తయ్య భార్య కౌసల్యే పిలిచిందట. "ఎక్కన్నా. బండి దొరక్క మా ఆయన రెండుసార్లు రాలేకపోయిండు, గిట్లయింది. నువ్వన్నా జల్దీ ఇంటికి పో" అందట.



నీ పాత వ్యాన్ అమ్మేయకు, మాకు పంపు. ఇటువైపు నుంచి డయాలసిస్‌కు వెళ్లేవాళ్లు ఐదుగురున్నారు, డీజిల్ అందరం కలిసి పోయించుకుంటాం. మా వీధి అతీక్ ఊరికే నడుపుతానన్నాడు. బండి కాగితాలు సరిగ్గా ఉన్నాయా? వదిన మోకాలి నొప్పి ఎలా ఉంది? ఆమెకు నమస్కారాలు, మేనకోడలు సాహిత్యకు నా దీవెనలు.

నిన్ను వ్యాన్ అడుగుతున్నానని తెలిసి కౌసల్య నిన్న కబురు పెట్టింది. వాళ్ల ఊళ్లో డయాలసిస్‌కు వెళ్లే ముసలామె ఒకామె ఉందట, ఆమెను మరిచిపోవద్దని. ముత్తయ్యకు ఇంకా దినాలైనా కాలేదు అన్నయ్యా.

నీ చెల్లెలు,
వసుంధర